మనిషికి నాలుగు పైసలు

50,000 మంది వివరాలు, వెల రూ.2,000. సైబరాబాద్ పోలీసులు 2023 మార్చిలో ఒక ముఠాకు చెందిన ఏడుగురిని అరెస్టు చేసినప్పుడు బయటపడ్డ ధర ఇది. భాగహారం చేస్తే మనిషికి నాలుగు పైసలు. పావలా, అంతకన్నా చిన్న నాణేలు 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి కాబట్టి ఒక్క మనిషి వివరాలు కొందామన్నా ఇవ్వడానికి చిల్లర లేదు. టోకున కొనుక్కోవాల్సిందే.

ఆ ముఠా దగ్గర దొరికినవి 16.8 కోట్ల మంది వివరాలు. పది రోజులు తిరిగేసరికి అదే పోలీసులు ఇంకొకరిని పట్టుకున్నారు. ఈసారి 66.9 కోట్ల మంది వ్యక్తులు, సంస్థల వివరాలు. 24 రాష్ట్రాలు, 8 మహానగరాలు. ఒకే మనిషి పది జాబితాల్లో ఉండొచ్చు గనుక దేశంలో సగం మంది దొరికిపోయారని చెప్పేస్తే తొందరపాటే అవుతుంది. అయినా, ఆ జాబితాల్లో నేను లేను అని ధీమాగా చెప్పగలిగేవాళ్లు మనలో ఎంతమంది?

ఈ మాట ఎత్తగానే వినిపించే జవాబు ఒకటుంది. "మన దగ్గర దాచుకోవడానికి ఏముందండీ? మనమేమైనా దొంగతనాలు చేశామా?" నిజమే, చాలామంది జీవితాల్లో రహస్యాలు ఉండవు. కానీ నాలుగు పైసల సరుకు కొనేవాడికి రహస్యాలు అక్కర్లేదు. ఒక చోట పేరు, ఇంకో చోట ఊరు, మరో చోట బ్యాంకు, వేరొక చోట ముఖం విడివిడిగా పడి ఉంటాయి. వాటన్నిటినీ దండగా గుచ్చే దారం ఒకటి దొరికితే చాలు. ఆ దారం పది అంకెల సెల్ నంబరు. పేరుతో ఈ పని కాదు. ఒక వీధిలోనే ముగ్గురు శ్రీనివాసరావులు ఉండొచ్చు. నంబరు మాత్రం ఒక్క శ్రీనివాసరావుదే.

ఆధార్ అంకెలు చెప్పడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచించే మనిషి కూడా సెల్ నంబరు అడిగితే టకటకా చెప్పేస్తాడు. ఈ వ్యాసం గొడవంతా అదే.

రాసిచ్చింది ఎవరు?

ఇలాంటి జాబితాలన్నీ హ్యాకర్లు ఎక్కడెక్కడి కంప్యూటర్లలోనో చొరబడి ఎత్తుకొచ్చినవే అనుకుంటాం. అలాంటివీ ఉంటాయి. కానీ సరుకు ఇంత చవగ్గా ఉందంటే దాన్ని పండించడానికి పెద్ద కష్టం అక్కర్లేదనే అర్థం. దసరాకి చీరల దుకాణంలో లక్కీ డ్రా కూపన్ ఇస్తారు. పేరు, ఊరు, సెల్ నంబరు, పుట్టినరోజు, పెళ్లిరోజు రాసి డబ్బాలో వేస్తాం. కారు గెలిచేది ఒక్కరే, వివరాలు రాసిచ్చేది మాత్రం అందరూ. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రిజిస్టర్‌లో సంతకం చేస్తుంటే మనకంటే ముందు వచ్చినవాళ్ల నంబర్లన్నీ వరసగా కనిపిస్తూనే ఉంటాయి. ఆస్పత్రి ఓపీ చీటీ, కోచింగ్ సెంటర్ ఎంక్వయిరీ ఫారం, ప్లాట్ల వెంచర్ దగ్గర ఉచిత భోజనం పెట్టి రాయించుకునే పుస్తకం. ఇవి ఎక్కడ భద్రపరుస్తారు, ఎప్పుడు చింపేస్తారు అని అడిగినవాళ్లు నాకైతే తారసపడలేదు.

అన్నిటికంటే మామూలైపోయింది బిల్లింగ్ కౌంటర్. రెండు సబ్బులు కొన్నా "నంబర్ చెప్పండి సార్" అంటారు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో దీని మీద స్పష్టంగానే మాట్లాడింది. నంబరు ఇస్తేనే సరుకు ఇస్తామని పట్టుబట్టడం వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి అవుతుందని చిల్లర వర్తక సంఘాలకు చెప్పింది. పోనీ పన్ను కోసమా అంటే అదీ కాదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని మామూలు కొనుగోలుదారుకి రూ.50,000 లోపు బిల్లు మీద పేరు, చిరునామా రాయడమే తప్పనిసరి కాదు. ఇక సెల్ నంబరు ఊసెక్కడిది? "నంబర్ లేకపోతే సిస్టమ్ తీసుకోదండీ" అని కౌంటర్‌లో అమ్మాయి అంటే అబద్ధం ఆడుతోందని కాదు. సాఫ్ట్‌వేర్‌ని యజమాని అలా రాయించుకున్నాడు. కాస్త గట్టిగా వద్దంటే ఆ అమ్మాయే పది తొమ్మిదులు కొట్టి పని కానిచ్చేస్తుంది. వారంటీ ఉన్న వస్తువుకో, ఇంటికి తెచ్చిచ్చే సామానుకో నంబరు ఇవ్వడంలో అర్థముంది. సబ్బులకు ఎందుకు?

గడికి 1.4 మంది

"నంబరు వద్దులెండి, పుట్టిన తేదీ, పిన్‌కోడ్ చెప్పండి చాలు" అని సర్వేవాళ్లు అడుగుతారు. ఆడా మగా అన్నది చూస్తేనే తెలుస్తుంది. పేరు లేదు, నంబరు లేదు, ఇందులో మనం ఎక్కడ దొరుకుతాంలే అనిపిస్తుంది. లెక్క వేద్దాం.

దేశంలో పిన్‌కోడ్‌లు దాదాపు 19,000. జనాభా 140 కోట్లు అనుకుంటే సగటున ఒక పిన్‌కోడ్‌లో 73,700 మంది. బతికున్నవాళ్ల వయసులు 70 ఏళ్ల మేర పరుచుకున్నాయనుకుందాం. ఏడాదికి 365 చొప్పున 25,550 పుట్టిన తేదీలు. ఆడవాళ్లని, మగవాళ్లని విడదీస్తే 51,100 గళ్లు. 73,700 మందిని 51,100 గళ్లలో సర్దితే గడికి 1.4 మంది. అంటే ఈ మూడు సంగతులు చెప్పిన మనిషి దాదాపు తన పేరు చెప్పినట్టే.

సగటు లెక్క కాబట్టి కొన్ని చోట్ల ఎక్కువ, కొన్ని చోట్ల తక్కువ. హైదరాబాద్‌లో ఒక రద్దీ పిన్‌కోడ్ కింద 3 లక్షల మంది ఉన్నారనుకుంటే గడికి ఆరుగురు పడతారు. ఇంటిపేరులో మొదటి అక్షరం తెలిస్తే ఆరుగురూ విడిపోతారు. పల్లెటూరి పిన్‌కోడ్‌లో అయితే చాలామందికి గడి గడంతా సొంతమే. మన దగ్గర ఒక తరానికి మాత్రం మినహాయింపు ఉంది. బడిలో వేసేటప్పుడు మాస్టారు ఉజ్జాయింపుగా జూన్ ఒకటో, జూలై ఒకటో రాసేసిన తరం. ఆ తేదీల గళ్లు కిక్కిరిసి ఉంటాయి. అసలు పుట్టినరోజు తెలియకపోవడం ఎప్పటికైనా అక్కరకొస్తుందని ఆ మాస్టార్లు కూడా అనుకుని ఉండరు.

ఈ లెక్కకు అమెరికాలో పేరున్న ఉదాహరణ ఉంది. 1990ల్లో మసాచుసెట్స్ రాష్ట్రం తన ఉద్యోగుల ఆస్పత్రి రికార్డులను పేర్లు తీసేసి పరిశోధకులకు ఇచ్చింది. పేర్లు లేవు కాబట్టి భయం లేదని గవర్నర్ విలియం వెల్డ్ భరోసా ఇచ్చాడు. అప్పుడు ఎంఐటీలో చదువుతున్న లటాన్యా స్వీనీ 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జి నగర ఓటర్ల జాబితా కొంది. గవర్నర్ పుట్టిన తేదీనే పుట్టినవాళ్లు అందులో ఆరుగురు. వాళ్లలో మగవాళ్లు ముగ్గురు. గవర్నర్ ఉండే జిప్‌కోడ్‌లో ఒక్కడే. ఆ ఒక్కడి రికార్డు తీసి చూస్తే గవర్నర్ జబ్బులూ మందులూ అన్నీ ఉన్నాయి. అమెరికన్లలో 87 శాతం మంది ఈ మూడు వివరాలతోనే ఒంటరిగా దొరికిపోతారని ఆమె 2000లో లెక్క తేల్చింది.

400 కోట్ల గజిబిజి

"మీ నంబరును గుర్తుపట్టలేని రూపంలోకి మార్చాకే వాడతాం" అనే హామీ యాప్‌ల షరతుల్లో కనిపిస్తుంది. దీన్ని హాషింగ్ అంటారు. నంబరును ఒక గణిత సూత్రంలో వేస్తే 64 అక్షరాల గజిబిజి వరస బయటికొస్తుంది. ఆ వరసను వెనక్కి తిప్పి నంబరు రాబట్టడం కుదరదు. ఇంతవరకూ చెప్పింది నిజమే. చెప్పని సంగతి ఏమిటంటే వెనక్కి తిప్పాల్సిన అవసరమే లేదు.

మన సెల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెల్లో ఒకదానితో మొదలవుతాయి. మిగతా తొమ్మిది స్థానాల్లో ఏ అంకైనా ఉండొచ్చు. నాలుగును 100 కోట్లతో గుణిస్తే 400 కోట్లు. దేశంలో ఇప్పుడున్నవి, రేపు ఇవ్వబోయేవి అన్నీ కలిపినా అంతకు మించి నంబర్లు లేవు. మనకు ఇది పెద్ద సంఖ్య. కంప్యూటర్‌కి కాదు. పిల్లలు గేములు ఆడుకునే కంప్యూటర్‌లోని మంచి గ్రాఫిక్స్ కార్డు ఇలాంటి సూత్రాన్ని సెకనుకు 100 కోట్ల సార్లకు పైగా వేయగలదు. 400 కోట్ల నంబర్లనూ ఆ సూత్రంలో వేసి, ఏ నంబరు ఏ గజిబిజి అవుతుందో చూడటానికి నాలుగు సెకన్లు చాలు. ఆ పట్టిక మొత్తం రాసి పెట్టుకుందామన్నా బజార్లో దొరికే మామూలు హార్డ్ డిస్క్‌లో పడుతుంది. హాషింగ్ చేసినంత మాత్రాన మనిషి అనామకుడైపోడని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జూలైలో తేల్చి చెప్పింది కూడా.

మరి కంపెనీలు ఈ పని ఎందుకు చేస్తాయి? ఇక్కడే మిక్సీ కథ వస్తుంది. దాదాపు ప్రతి ఇంట్లోనూ చెప్పే కథే. "పొద్దున మిక్సీ పాడైందని అనుకున్నాం, సాయంత్రానికి ఫోన్‌లో మిక్సీ ప్రకటన. ఫోన్ మన మాటలు వింటోంది."

నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ఈ అనుమానాన్ని పరీక్షకు పెట్టారు. 17,260 ఆండ్రాయిడ్ యాప్‌లను చూస్తే రహస్యంగా మైకు తెరిచి మాటలు బయటికి పంపిన యాప్ వాళ్లకు ఒక్కటీ దొరకలేదు. తెర మీద మనం చేసే పనిని వీడియో తీసి మూడో కంపెనీకి పంపుతున్నవి మాత్రం దొరికాయి. ఆ పరీక్షకూ హద్దులున్నాయి, ఏ యాప్ ఎప్పుడూ వినదని హామీ ఇచ్చేంతటిది కాదు. అయితే మిక్సీ ప్రకటన రావడానికి మైకు అక్కర్లేదు. పాత మిక్సీ కొన్నప్పుడు కౌంటర్‌లో నంబరు ఇచ్చాం. వ్యాపారులు తమ ఖాతాదారుల నంబర్ల జాబితాను ఫేస్‌బుక్‌కి ఎక్కించి, "వీళ్లకు మా ప్రకటన చూపించండి" అని అడిగే సదుపాయం 2012 నుంచి ఉంది. గూగుల్‌లోనూ ఉంది. దుకాణం తన దగ్గరున్న నంబరును గజిబిజి చేసి పంపుతుంది. ఫేస్‌బుక్ తన దగ్గరున్న నంబరును అదే సూత్రంతో గజిబిజి చేస్తుంది. రెండు వరసలూ ఒకటైతే మనిషి ఒక్కడే. దాచడానికి చేశామని చెప్పే పని అసలు ఉపయోగం కలపడమే.

ఇంకో సంగతి. ఇంట్లో ఎవరో ఒకరు మధ్యాహ్నం మిక్సీ ధరలు వెతికే ఉంటారు, ఆ మాట మనకు చెప్పి ఉండరు. పైగా రోజంతా కళ్ల ముందు నుంచి జారిపోయే ప్రకటనల్లో మన మాటలకు సరిపోయింది ఒక్కటే గుర్తుంటుంది. సరిపోనివి గుర్తుపెట్టుకుని చెప్పుకున్న ఇల్లు లేదు.

నాలుగు పైసల సరుకు అవతలి ఒడ్డుకు చేరేసరికి ఎంతవుతుందో ఫేస్‌బుక్ యజమాని మెటా కంపెనీ తన లెక్కల్లోనే చెప్పింది. 2023 చివరి మూడు నెలల్లో ఒక్కో ఫేస్‌బుక్ వాడుకరి మీద సగటు ఆదాయం అమెరికా, కెనడాల్లో 68.44 డాలర్లు. మనం ఉన్న ఆసియా పసిఫిక్ ప్రాంతంలో 5.52 డాలర్లు. అప్పటి మారకంలో వాళ్లు సుమారు రూ.5,700, మనం రూ.460. డాలస్‌లో ఉన్న తమ్ముడు, గుంటూరులో ఉన్న అన్న ఒకే పెళ్లి ఫొటోకి లైక్ కొట్టినా తమ్ముడి ప్రాంతంలో తలసరి ఆదాయం పన్నెండు రెట్లు ఎక్కువ. ఆ తర్వాతి త్రైమాసికం నుంచి కంపెనీ ఫేస్‌బుక్ వరకూ ప్రాంతాలవారీగా ఈ అంకెలు చెప్పడం మానేసింది.

మారని నంబరు, మారే మనిషి

పాస్‌వర్డ్ బయటపడితే మార్చుకుంటాం. ఏటీఎం కార్డు పోతే బ్లాక్ చేయించి కొత్తది తెచ్చుకుంటాం. ఆధార్ సంఖ్యకు కూడా, అసలు సంఖ్య ఇవ్వనక్కర్లేకుండా 16 అంకెల వర్చువల్ ఐడీ తీసుకునే వీలుంది. సెల్ నంబరుకు అలాంటిది లేదు. పదిహేనేళ్లుగా ఒకే నంబరు ఉందని గొప్పగా చెప్పుకునేవాళ్లం మనం.

2021 ఏప్రిల్‌లో 53.3 కోట్ల ఫేస్‌బుక్ ఖాతాల వివరాలు నంబర్లతో సహా బహిరంగంగా పడ్డాయి. అందులో భారతీయులు 60 లక్షల పైచిలుకు. ఈ వ్యవహారంలో ఐర్లండ్ డేటా రక్షణ సంస్థ మెటాకు 2022 నవంబర్‌లో 26.5 కోట్ల యూరోల జరిమానా వేసింది. తలా అర యూరో. నాలుగేళ్లు గడిచాక, 2025లో, వియన్నా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూస్తే ఆ నంబర్లలో దాదాపు సగం ఇంకా వాట్సాప్‌లో పనిచేస్తూనే ఉన్నాయి.

ఆ పరిశోధకులు అసలు చేసిన పని ఇంకా పెద్దది. కొత్త నంబరు ఫోన్‌లో ఎక్కించగానే "ఈయన వాట్సాప్‌లో ఉన్నాడు" అని చూపిస్తుంది కదా, ఆ సదుపాయానికి గంటకు 10 కోట్లకు పైగా నంబర్లు పంపి అడిగారు. అది కాదనకుండా జవాబులు ఇస్తూ పోయింది. అలా 350 కోట్ల ఖాతాలు తేలాయి. భారత్‌వి దాదాపు 75 కోట్లు. మన ఖాతాల్లో 62 శాతానికి ప్రొఫైల్ ఫొటో ఎవరికైనా కనిపించేలా ఉంది. 46 కోట్లకు పైగా ముఖాలు, పక్కనే నంబర్లు. పరిశోధకులు చెప్పాక కంపెనీ ఆ తలుపు బిగించింది. అంతకుముందు ఇదే దారిన ఎవరు వచ్చి వెళ్లారో తెలిసే వీలు లేదు.

ఇక నంబరు వదిలేస్తే? టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సుప్రీంకోర్టుకు చెప్పిన ప్రకారం, ఆగిపోయిన నంబరును కనీసం 90 రోజులపాటు ఎవరికీ ఇవ్వరు. ఆ తర్వాత కొత్తవాళ్లకు ఇవ్వొచ్చు. దీన్ని ఆపమంటూ వేసిన పిటిషన్‌ను కోర్టు 2023 నవంబర్‌లో కొట్టేసింది. నంబర్లు తిరిగి వాడకపోతే కుదరదు మరి. 115 కోట్లకు పైగా కనెక్షన్లున్న దేశంలో 400 కోట్ల గళ్లు కూడా ఎప్పటికీ సరిపోవు. అమెరికాలో చదువుకు వెళ్లిన పిల్లల ఇండియా సిమ్‌ను తల్లిదండ్రులు ఇక్కడ పాత ఫోన్‌లో వేసి రీచార్జి చేస్తూ కాపాడటం చాలా ఇళ్లలో చూస్తున్నదే. కొందరికి అది అనవసర ఖర్చులా కనిపిస్తుంది. కాదు. బ్యాంకు, ఆధార్, పీఎఫ్, ఇన్‌కంటాక్స్ అన్నీ ఆ సిమ్‌కే ఓటీపీలు పంపుతాయి. దాన్ని వదిలేసిన కొన్ని నెలలకు అవి ఎవరో అపరిచితుడి జేబులో మోగుతాయి.

మూడు ఊహలు

ఆరు అంకెల ఓటీపీని ఊహించి కొట్టాలంటే 10 లక్షల అవకాశాలు. మూడుసార్లు తప్పితే ఆగిపోయే చోట మోసగాడు గెలిచే అవకాశం 3.3 లక్షల్లో ఒకటి. లాటరీ టికెట్ కొనుక్కోవడం మేలు. నాలుగు అంకెల పిన్‌కి 10,000 అవకాశాలు, మూడు ప్రయత్నాల్లో 0.03 శాతం. కాగితం మీద లెక్క ఇలా ఉంటుంది.

అంకెలను మనుషులు ఎంచుకుంటే లెక్క ఇంకోలా తిరుగుతుంది. నిక్ బెర్రీ అనే విశ్లేషకుడు 2012లో, అప్పటికే బయటపడిన పాస్‌వర్డ్‌లలోంచి నాలుగంకెలవి 34 లక్షలు తీసి చూశాడు. 1234 ఒక్కటే దాదాపు 10.7 శాతం. 1111 మరో 6 శాతం, 0000 దాదాపు 1.9 శాతం. అంటే ఈ మూడు ఊహలతోనే 18.6 శాతం తాళాలు తెరుచుకుంటాయి. 0.03 ఎక్కడ, 18.6 ఎక్కడ! అవి బ్యాంకు పిన్‌లు కావు గానీ మనుషుల బుద్ధి అక్కడొకటి, ఇక్కడొకటి ఉండదు. 19తో మొదలయ్యే సంవత్సరాలు కూడా ఆ జాబితాలో దండిగా ఉన్నాయి. తేదీ, నెల కలిపి పిన్ పెట్టుకుంటే 10,000 అవకాశాలు 366కి పడిపోతాయి. బండి నంబరే పిన్‌గా పెట్టుకునేవాళ్లది ఇంకా గొప్ప ధైర్యం, అది రోడ్డు మీద అందరికీ చూపిస్తూ తిరుగుతుంది. ఇక లక్కీ డ్రా కూపన్ మీద పుట్టినరోజు, పెళ్లిరోజు రెండూ రాసిచ్చిన మనిషి విషయంలో మోసగాడికి ఊహించాల్సిన పనే తక్కువ.

జిరాక్స్ షాపు వాట్సాప్‌కి పంపి, డౌన్‌లోడ్ చేయించి అక్కడే వదిలేసి వచ్చే ఈ-ఆధార్ పీడీఎఫ్ సంగతీ ఇంతే. దాని పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం. పేరు తెలిసినవాడికి మిగిలేవి మహా అయితే 100 ఊహలు. ఏటీఎంలా మూడుసార్లకు ఆగిపోవడానికి అది యంత్రం కాదు, ఫైలు.

ఓటీపీ దగ్గర మాత్రం ఊహ పనిచేయదు. అందుకే మోసగాడు ఫోన్ చేసి అడుగుతాడు. పోగొట్టుకున్నవాళ్లని "చదువుకున్నవాళ్లయి ఉండి ఓటీపీ ఎలా చెప్పారండీ" అని నలుగురూ నిలదీస్తారు. ఈ నిలదీత నాకు నచ్చదు. అవతలివాడు మన పేరు, తండ్రి పేరు, బ్యాంకు, బ్రాంచి ఉన్న ఊరు, ఈ మధ్య పెట్టుకున్న లోన్ దరఖాస్తు అన్నీ తడుముకోకుండా చెప్తుంటే, ఇన్ని తెలిసినవాడు బ్యాంకువాడు కాక ఇంకెవడు అనిపించడం తెలివితక్కువతనం కాదు. ఆ నమ్మకాన్ని వాడు నాలుగు పైసలకు కొన్నాడు. యూపీఐ యాప్‌లో ఎవరి నంబరు కొట్టినా బ్యాంకులో ఉన్న పేరు వస్తుంది, వాట్సాప్‌లో ఫొటో వస్తుంది. మిగతాది జాబితా చెప్తుంది. సైబర్ మోసాల్లో దేశం 2023లో పోగొట్టుకున్నది రూ.7,465 కోట్లు, 2024లో రూ.22,845 కోట్లు. పార్లమెంటుకు ప్రభుత్వం చెప్పిన అంకెలివి. రోజుకు 62 కోట్లు. ఒక్క ఏడాదిలో మూడింతలు అయిందంటే జనం ఏడాదిలో మూడింతలు మూర్ఖులయ్యారనా?

రూ.250 కోట్లు, రూ.15

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది 2017 ఆగస్టు 24న. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి రాష్ట్రపతి సంతకం అయింది 2023 ఆగస్టు 11న. నియమాలు వెలువడింది 2025 నవంబర్‌లో. కంపెనీల మీద అసలు బాధ్యతలు పడేది ఆ తర్వాత 18 నెలలకు, అంటే 2027 మేలో. హక్కు ఉందని తేలిన నాటి నుంచి దాదాపు పదేళ్లు.

చట్టంలో మంచివీ ఉన్నాయి. వివరాలు దొంగల పాలైతే కంపెనీ ఆ సంగతి మనకు చెప్పాలి, డేటా రక్షణ బోర్డుకు 72 గంటల్లో పూర్తి నివేదిక ఇవ్వాలి. సమ్మతి అడిగే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా కావాలని అడగొచ్చు, తెలుగులో కూడా. ఇంగ్లిష్‌లో నలభై పేజీలు చూపించి కింద 'అంగీకరిస్తున్నాను' నొక్కించుకునే పద్ధతికి ఇది కొంత అడ్డుకట్ట. ఆ తెలుగు చదివితే అర్థమయ్యేలా ఉంటుందా అన్నది వేరే బెంగ.

భద్రతలో విఫలమైన కంపెనీకి జరిమానా గరిష్ఠంగా రూ.250 కోట్లు. పత్రికల్లో శీర్షికకి బాగుండే అంకె. సైబరాబాద్ మొదటి కేసులోని 16.8 కోట్ల మందికి పంచితే మనిషికి రూ.15 కూడా రాదు. పంచరు కూడా. ఆ డబ్బు కేంద్ర ప్రభుత్వ సంచిత నిధికి పోతుంది. నష్టపోయిన మనిషికి పరిహారం ఇచ్చే నిబంధన ఈ చట్టంలో లేదు. ఐటీ చట్టంలో పరిహారం అడగడానికి ఉన్న 43ఏ సెక్షన్‌ను కూడా ఈ చట్టమే తీసేస్తోంది. తప్పుడు ఫిర్యాదు చేసిన పౌరుడికి మాత్రం రూ.10,000 వరకు జరిమానా ఉంది. ఎవరి వివరాలు పోయాయో వాళ్లకు ఏమీ దక్కని ఏర్పాటుకి రక్షణ చట్టం అని పేరు పెట్టడం నాకు మింగుడుపడదు.

అందుకని మన చేతిలో ఉన్న పనులు కొన్ని. ఒకరి పేరు మీద 9 సిమ్‌లు ఉండొచ్చు (జమ్మూకశ్మీర్, అస్సాం, ఈశాన్య రాష్ట్రాల్లో 6). రెండో సిమ్ ఒకటి తీసుకుని దుకాణాలు, కూపన్లు, ఫుడ్ యాప్‌లు, వెంచర్ల వాళ్లకు అదే ఇవ్వండి. బ్యాంకుకీ ఆధార్‌కీ ఉన్న నంబరు ఇంటివాళ్లకు తప్ప తెలియకుండా ఉండగలిగితే దారం తెగినట్టే. "బ్యాంకు నుంచి" అంటూ ఫోన్ ఈ రెండో నంబరుకి వస్తే వాడు దొంగ అని వేరే రుజువు అక్కర్లేదు, బ్యాంకు దగ్గర ఆ నంబరే లేదు. యూపీఐ ఐడీలో సెల్ నంబరే ఉంటే యాప్ సెట్టింగుల్లోకి వెళ్లి వేరే పేరుతో పెట్టుకోవచ్చు. వాట్సాప్‌లో ఫొటో కాంటాక్టులకు మాత్రమే కనిపించేలా మార్చడానికి అర నిమిషం పడుతుంది. మన పేరు మీద మనకు తెలియని సిమ్‌లు ఎన్ని ఉన్నాయో సంచార్ సాథీ వెబ్‌సైట్లో చూసుకోవచ్చు.

ఎస్సెమ్మెస్‌లు వచ్చినప్పుడు పంపినవాళ్ల పేరు చివర చూడండి. పీ ఉంటే ప్రచారం, ఎస్ ఉంటే సర్వీసు, టీ ఉంటే లావాదేవీ, జీ ఉంటే ప్రభుత్వం. మామూలు పదంకెల నంబరు నుంచి బ్యాంకు మెసేజ్ వచ్చిందంటే దాన్ని తెరవక్కర్లేదు. కాల్స్‌లో 140తో మొదలయ్యేవి ప్రచారానికి, 1600తో మొదలయ్యేవి బ్యాంకులు, ప్రభుత్వ సంస్థల సర్వీసు కాల్స్‌కి. విసిగించే నంబరు మీద 1909కి ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేయొచ్చు. 2025లో మార్చిన నియమాల ప్రకారం పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు వస్తే చాలు, ఆ నంబరు మీద చర్య మొదలవ్వాలి. అంతకుముందు వారంలో పది కావాల్సి వచ్చేది. డబ్బు పోతే మాత్రం 1930. ఎంత తొందరగా చేస్తే, అవతలి ఖాతాలో డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. మొదటి గంటలో బంధువులకు చెప్పుకోవడం మానేసి ముందు ఆ నంబరుకి చేయండి.